చెవి మేస్త్రి షట్టరు

పొద్దున ఎనిమిదింటికి చెవి మేస్త్రి తన షెడ్డు షట్టరు ఎత్తుతున్నాడంటే, పక్క సెలూన్‌లో కూర్చున్నవాళ్లు రెండు చెవులూ మూసుకుంటారు. సెలూన్ ఆయనైతే కత్తి గాల్లో ఆపేసి, షట్టరు పూర్తిగా పైకి చేరేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడతాడు. లేకపోతే ఎవరి బుగ్గ తెగుతుందో ఆయనకే తెలీదు.

“మేస్త్రీ, నీకు పుణ్యముంటుంది, దానికి నాలుగు చుక్కలు నూనె వెయ్యవయ్యా!” అని రోజూ అరుస్తాడు.

“ముందు నీ కత్తికి పదును పెట్టుకోవయ్యా. నా షట్టరు జోలికొస్తావేం?” అని మేస్త్రి కూడా రోజూ అరుస్తాడు.

సెలూన్ ఆయనకి పనీపాటా లేక తన మీద పడి ఏడుస్తున్నాడని మేస్త్రి గట్టి నమ్మకం. ఇనుప షట్టరు గడగడమంటుంది. గడగడమనక జోలపాట పాడుతుందా? పొద్దున్నే పని మొదలుకాకముందే ఇదొక గొడవ. అందుకే ఆయన మొదటి కారు మూత తెరిచేసరికే మొహం కందగడ్డలా ఉంటుంది.

ఆ చెవి మేస్త్రి అన్న పేరు ఎవరో వెటకారానికి పెట్టింది కాదండీ, సంపాదించుకున్నది. ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటుంది. దాని మొన నడుస్తున్న ఇంజను మీద పెట్టి, చెక్క పిడి చెవి వెనకున్న ఎముకకి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. అంతే. “మూడో సిలిండరు”, “వాటర్ పంపు బేరింగు”, “ఏమీ లేదు, ఇంటికెళ్లి పడుకో” అని తేల్చేస్తాడు. పక్క వీధివాళ్లు ఇంజనంతా విప్పి నేల మీద పరిచినా దొరకని జబ్బు, ఈయనకి రెండు నిమిషాల్లో దొరికేది. ముప్పై నాలుగేళ్లుగా ఆ చెవి మీదే ఇల్లు నడిచింది. కొలిచి చూసే పనిముట్లంటే ఆయనకి ఒళ్లుమంట. “స్కేలు పెట్టి చూసేవాడు వడ్రంగి. మెకానిక్కైతే వినాలి” అనేవాడు.

షెడ్డు ముందు భాగంలో ఆయన భార్య సామాన్ల కౌంటరు నడుపుతుంది. బల్బులు, వైర్లు, బెల్టులు, ఫిల్టర్లు అమ్ముతుంది. వైరు కొలిచివ్వడానికి ఆవిడ దగ్గర రెండడుగుల స్టీలు స్కేలుంది. మేస్త్రి దాన్ని ముట్టుకోడు. ఆవిడకింకో అలవాటుంది. సాయంత్రం షెడ్డు ఊడ్చేటప్పుడు నేల మీద మిగిలిన నట్లు, బోల్టులు, క్లిప్పులు ఏరి, అవి ఏ కారు కింద దొరికాయో చీటీ మీద రాసి, ఆ చీటీలోనే మడిచి, పాత బిస్కెట్ల డబ్బాలో పడేస్తుంది. ఆ డబ్బా చూస్తే మేస్త్రికి నవ్వు. “ఏమయ్యా, బిగించాక రెండు ముక్కలు మిగలకపోతే వాడసలు మెకానిక్కే కాదు. ఇది నగల పెట్టెలాగ దాస్తుంది చూడు!” అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆవిడ డబ్బా మూత పెట్టేసి తన పని చూసుకునేది. ఎదురు మాట్లాడే మనిషైతే ఆ షెడ్డు పదేళ్ల కిందటే రెండు ముక్కలయ్యేది.

ఇప్పుడు అసలు గొడవలోకి వద్దాం. దానికి మూలం పాటల టీచరమ్మ తెల్ల కారు.

పిల్లలకి ఇంటింటికీ వెళ్లి పాట నేర్పే మనిషి ఆవిడ. ఆ కారు వయసు ఇరవై ఏళ్ల పైనే. రెండు నెలల కిందట బ్యాటరీని ఛార్జి చేసే డైనమో పట్టేస్తే తీసుకొచ్చింది. మేస్త్రి దాన్ని విప్పి, కొత్త బేరింగు వేసి, మళ్లీ బిగించి పంపాడు. వారం తిరక్కుండా ఆవిడ మళ్లీ వచ్చి, “మేస్త్రిగారూ, ముందువైపు కీచుమంటోందండీ, భరించలేకపోతున్నాను” అంది. ఆయన స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఇంజను హాయిగా గురకపెడుతోంది. అయినా ఆవిడ మనశ్శాంతి కోసం డైనమోని తిప్పే బెల్టు కాస్త బిగించి పంపాడు. ఇంకో పది రోజులకి మళ్లీ వచ్చింది. ఈసారి కొత్త బెల్టే వేశాడు. ఏం చప్పుడూ లేకుండా బెల్టు మార్చడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

మూడోసారి వచ్చిన రోజు మంగళవారం. అప్పటికే పొద్దున సెలూన్ ఆయనతో ఒక విడత అయింది. టీ బడ్డీ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. తెల్ల కారు వచ్చి షెడ్డు ముందాగింది. ఆగకముందే వాళ్లంతా తలలు తిప్పి చూశారు. కొత్తగా పెళ్లికూతురొచ్చిందా అలా చూడ్డానికి, అనుకున్నాడు మేస్త్రి.

“మళ్లీ ఏమైందమ్మా?”

“అదే చప్పుడు మేస్త్రిగారూ. తగ్గకపోగా పెరిగింది. ఇప్పుడూ వస్తోంది కదా!” ఇంజను నడుస్తూనే ఉంది.

మేస్త్రి చెవి రిక్కించాడు. గురక. మంచి గురక. “ఎక్కడండీ? నాకు చూపించండి. ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి!”

“చప్పుడు వేలుపెట్టి ఎలా చూపిస్తామండీ? వినాలి.”

వినాలట! ముప్పై నాలుగేళ్లుగా తను లోకానికి చెప్పిన మాట, పాటలు నేర్పుకునే ఆవిడ తిరిగి తనకే చెబుతోంది. మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎలాగుంటుందండీ ఆ చప్పుడు? చేసి చూపించండి!”

ఆవిడ కాస్త సిగ్గుపడింది. అయినా టీచరు కదా, అడిగితే చెప్పడం అలవాటు. పెదాలు గుండ్రంగా చుట్టి ఈల వేసింది. మేస్త్రికి మాత్రం ఆవిడ బుగ్గలు ఉబ్బడం, మెడ నరం తేలడం కనబడింది. గాలి తుస్సుమంది. అంతకుమించి ఏమీ రాలేదు.

“ఈల వెయ్యడం కూడా రాదు మీకు! మీరు పిల్లలకి పాటలేం నేర్పుతారండీ?”

టీ బడ్డీ కింద పడుకున్న కుక్క లేచి నిలబడి ఆవిడ వంకే చూస్తోంది. నలుగురిలో ఒకాయన చెవిలో వేలు పెట్టుకుని ఆడించుకుంటున్నాడు. మేస్త్రి ఇవేమీ పట్టించుకునే స్థితిలో లేడు. టీచరమ్మ మొహం ఎర్రబడింది.

“నన్నేమైనా అనండి. నా చెవుల్ని మాత్రం అనకండి మేస్త్రిగారూ. మీకు చేతకాకపోతే చెప్పండి, ఆ చివర కంప్యూటరు పెట్టి చూసే షెడ్డుకి తీసుకెళ్తాను.”

అంతే. కాలుతున్న పెనం మీద నీళ్లు పడ్డట్టయింది. మేస్త్రి వీధి మధ్యకొచ్చి, నలుగురికీ వినబడేలా కేకపెట్టాడు.

“అందరూ వినండయ్యా! ఈ కారులో ఈగ రొద పెట్టినంత చప్పుడున్నా సరే, నా షెడ్డు షట్టరు దించేస్తాను. దించిన షట్టరు మళ్లీ ఈ చేత్తో ఎత్తను. ఎత్తితే నేను మెకానిక్కునే కాదు!”

కౌంటరు దగ్గర భార్య చేతిలో వైరు చుట్ట అలాగే ఉండిపోయింది. టీచరమ్మ తాళంచెవి తీసి కౌంటరు మీద పెట్టింది. “పిల్లలు నా కోసం ఎదురుచూస్తుంటారు. నడిచే వెళ్తాను. నాలుగింటికి వస్తాను. మీరే తేల్చండి” అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

తేల్చడానికేముంది? తేలిపోయిన విషయమే. మేస్త్రి కారు షెడ్డు లోపలికి తెచ్చి, మూత ఎత్తి, స్క్రూడ్రైవరు తీశాడు. డైనమో మీద పెట్టాడు, పంపు మీద పెట్టాడు. చెవి వెనక ఎముకలోకి ఇంజను బరువైన కదలిక దిగుతోంది, ఎప్పటిలాగే. ఎక్కడా తేడా లేదు. “చూశావా! తల తిరుగుడు మనుషులు. కారు బాగుండి, వాళ్ల బుర్రలో కీచుమంటుంది!” అని భార్య మీద అరిచాడు. ఆవిడ బల్బుల డబ్బా సర్దుతోంది. సర్దినదే సర్దుతోంది.

తలెత్తేసరికి సెలూన్ కనబడింది. కుర్చీలో ఎవరో కొత్త మనిషి, మొహం నిండా నురగ. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మేస్త్రి ఇంజను ఆపాడు. ఆ మనిషి చేతులు దించాడు. మళ్లీ స్టార్టు చేశాడు. చేతులు లేచాయి. ఆపాడు. దిగాయి. మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. కావాలని చేస్తున్నారు. అందరూ కూడబలుక్కున్నారు. ఆ సెలూన్ వాడే నేర్పించి ఉంటాడు!

స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే సెలూన్‌లోకి వెళ్లాడు. “ఏమయ్యా, నాటకాలా? ఎవరు చెప్పారు నీకు చెవులు మూసుకోమని?”

నురగ మొహం మనిషి బిత్తరపోయాడు. “ఎవరు చెప్పాలండీ బాబూ? మీరెవరో కూడా నాకు తెలీదు. బస్సు దిగి గడ్డం గీయించుకుందామని వచ్చాను. ఆ కీచు పళ్లలోంచి వెళ్తోంది. మీకెలా ఉంటోందో గానీ, ఆపండి మహాప్రభో!”

మేస్త్రి సెలూన్ ఆయన వంక చూశాడు. ఆయన రోజూలాగ వెటకారంగా లేడు. కత్తి తుడుచుకుంటూ నేల చూస్తున్నాడు. ఆ నేల చూపు మేస్త్రికి తిట్టు కంటే గట్టిగా తగిలింది. తిరిగి షెడ్డుకొచ్చాడు.

భార్య ముందు నిలబడ్డాడు. “నీకు వినబడుతోందా?”

ఆవిడ తలూపింది.

“ఎప్పట్నుంచి?”

“ఏదండీ? కారా, షట్టరా?”

మేస్త్రి తల తిప్పి షట్టరు వంక చూశాడు.

“కారుదైతే రెండు నెలలు. షట్టరుదైతే ఏడాది దాటింది. కుక్కరు కూడా మీకు వినబడటం లేదు. మొన్న పక్కనే కూర్చుని మాడబెట్టారు.”

“మరి చెప్పి చావొచ్చుగా! నోరు పడిపోయిందా? ఇంతకాలం నన్ను వీధిలో నవ్వులపాలు చేసి, చోద్యం చూస్తూ కూర్చున్నావా? ఆవిడ మీద అరుస్తుంటే కూడా కౌంటర్లో నిలబడి వైరు చుట్టుకుంటున్నావే!”

ఆవిడ చేతిలో బల్బుల డబ్బా ఠప్పున కింద పెట్టింది. ముప్పై ఏళ్లలో ఆవిడ అలా పెట్టడం ఆయన చూడలేదు.

“చెప్పాను! నాలుగుసార్లు చెప్పాను! మీరు ‘ఆ, ఆ’ అన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నా చెవి గురించి నాకు చెప్తావా అని కంచం విసిరేశారు. ఇంకెలా చెప్పమంటారు? మైకు పెట్టి చెప్పనా? మీ కోపానికి భయపడే కదా ఊరంతా మీ దగ్గర నిజం దాస్తోంది!”

కంచం విసిరింది గుర్తుంది ఆయనకి. ఎందుకు విసిరాడో ఇప్పటిదాకా గుర్తులేదు. కోపం ఎక్కడికీ పోలేదు గానీ, చూపించడానికి మనిషి దొరకలేదు. వెళ్లి కారు బంపరు మీద కూర్చున్నాడు. గోడ గడియారంలో పన్నెండున్నర.

బరువైన చప్పుళ్లన్నీ ఆయనకి మామూలుగానే వినబడుతున్నాయి. మనుషుల మాట, లారీ హారను, ఇంజను గుండె, అన్నీ. సన్నటి చప్పుళ్లే ఒక్కొక్కటీ చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. ఉన్నవి వినబడుతుంటే పోయినవాటి సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆయనకీ తెలీలేదు.

భార్య గ్లాసుతో నీళ్లు తెచ్చింది. తాగడానికనుకున్నాడు. ఆవిడ కారు వైపు చెయ్యి చూపించింది. “ఇదివరకు మీరే చేసేవారు కదా, బెల్టు మీద నీళ్లు పోసి. పొయ్యండి. నేను వింటాను.”

అవును, పాత పద్ధతి. నడుస్తున్న బెల్టు మీద నీళ్లు పడితే కీచు ఇంకా పెరిగిందా, బెల్టు వదులుగా ఉన్నట్టు. ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైందా, బెల్టు తిరిగే పుల్లీ చక్రాలు ఒకే వరసలో లేనట్టు. స్టార్టు చేసి, చెయ్యి దూరంగా పెట్టి, గ్లాసు వంచాడు. వంచుతూ బెల్టు వంక చూడలేదు. భార్య మొహం వంక చూశాడు.

“ఆగింది” అందావిడ. కాసేపాగి, “మళ్లీ వచ్చింది.”

ఇంజను ఆపాడు. చెయ్యి చాపాడు. ఏమిటని ఆవిడ అడగలేదు. స్టీలు స్కేలు తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

కింద పుల్లీ మొహానికి స్కేలు ఆనించి, డైనమో పుల్లీ దాకా చాపి పట్టుకున్నాడు. మధ్యలో సందు. గోరు పట్టేంత సందు. డైనమో అంత మేర లోపలికి కూర్చుంది. కొత్త బెల్టు అంచు ఒక పక్క పీచులేచి ఉంది, ఆ పక్కనే నల్లటి రబ్బరు పొడి. కళ్లున్న ఎవడికైనా కనబడేంత పొడి. ముప్పై నాలుగేళ్లలో ఆయన అక్కడ కళ్లుపెట్టి చూసింది లేదు. చెవి చెప్పేది కదా!

“డైనమో వెనక మందపాటి వాషరొకటి ఉండాలి. అది లేదు. ఎవడో దొంగ వెధవ ముందే కొట్టేసి ఉంటాడు...” అని పళ్లు కొరుకుతుండగానే, భార్య బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. చీటీలు ఒక్కొక్కటీ చూసి, ఒకటి విప్పి ఆయన ముందు పెట్టింది. ‘తెల్ల కారు, డైనమో’ అని ఆవిడ గుండ్రటి రాత. లోపల మందపాటి ఇనుప వాషరు.

“ఆ సాయంత్రమే అడిగాను, ఇది మిగిలిందండీ అని.”

“నేనేమన్నాను?” అన్నాడు, తెలిసే.

“నగల పెట్టెలో దాచుకోమన్నారు.”

మేస్త్రి చేతిలో స్పానరు విసిరికొట్టాడు. అది గోడకి తగిలి ఖంగుమంది. ఆ చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వినబడింది. తన మీద తనకి వచ్చిన కోపం ఎవరి మీద విసరాలో తెలీక, ఖాళీ చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత తనే వెళ్లి స్పానరు తెచ్చుకున్నాడు.

డైనమో వదులు చేసి, వాషరు తన చోట పెట్టి, బిగించి, స్కేలుతో మూడుసార్లు కొలిచాడు. అంచు చెడిన బెల్టు తీసేసి ఇంకోటి వేశాడు. స్టార్టు చేసి, భార్య వంక చూశాడు. “పోయింది” అందావిడ. ఆయన నమ్మలేదు. సెలూన్ గుమ్మంలోకి చూశాడు. సెలూన్ ఆయన తాపీగా ఎవరికో క్రాపు చేస్తున్నాడు, తల కూడా ఎత్తలేదు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. టీ బడ్డీ దగ్గర నలుగురూ పదిమందయ్యారు. ఇలాంటివాటికి మనవాళ్లకి తీరిక ఎక్కడినుంచి వస్తుందో! అప్పటికే వీధిలోకి తెచ్చి పెట్టిన కారెక్కి, ఆవిడ స్టార్టు చేసి, తల ఒక పక్కకి వంచి వింది. మొహం విప్పారింది. “లేదండీ! అసలేమీ లేదు. ఏమైంది మేస్త్రిగారూ?”

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. బేరింగని చెప్పొచ్చు, దుమ్మని చెప్పొచ్చు, ఎవరడిగేది? భార్య కూడా ఆయన వంక అలాగే చూస్తోంది, చెప్పేయండి పోనీ అన్నట్టు.

“ఏమైందా? నేనే పెట్టాను ఆ చప్పుడు!” అని అరిచాడు మేస్త్రి. మంచి మాట చెప్పినా అరిచే చెబుతాడు, ఏం చేస్తాం? “వాషరు వెయ్యడం మర్చిపోయాను. రెండు నెలలు మీకు వినబడింది, వీధికంతా వినబడింది, నాకు వినబడలేదు. నా చెవి పోయింది. చాలా? ఇంకేమైనా కావాలా? పొద్దున మిమ్మల్ని అన్న మాటలు... అవి అనకూడదు. ఈల బాగానే వేసి ఉంటారు.”

ఎవరూ నవ్వలేదు. ఆయన గబగబా వెళ్లి, ఎగిరి, షట్టరు కొక్కెం పట్టుకుని కిందికి లాగాడు. వీధి వీధంతా చెవులు మూసుకుంది. కుక్క టీ బడ్డీ కిందికి దూరింది. ఆ మూసుకున్న చేతులన్నీ చూశాడు మేస్త్రి. ఏడాదిగా రోజూ రెండుసార్లు ఇంతమందిని ఇలా హింస పెడుతున్నాడన్న మాట. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా గట్టిగా లాగాడు.

షట్టరు నడుముదాకా వచ్చి ఆగిపోయింది. లాగాడు, రాలేదు. వంగి చూస్తే లోపలివైపు నుంచి భార్య రెండు చేతులతో ఎత్తిపట్టుకుని ఉంది.

“వదులు. అందరి ముందూ అన్నాను. దించితే మళ్లీ ఎత్తనన్నాను.”

“ఎత్తకండి. మీరు ఎత్తనన్నారు, మాట మీద ఉండండి. నేనెత్తుతాను. రేపట్నుంచి రోజూ నేనే ఎత్తుతాను. నేను వింటాను, మీరు బిగించండి. రేపే డాక్టరు దగ్గరికి కూడా వెళ్తున్నాం. కంచం విసిరితే ఆ కంచంలోనే తినాలి, చెప్తున్నా!” ఆవిడ ఒక్క ఊపులో షట్టరు పైదాకా తోసేసింది. వీధి మళ్లీ చెవులు మూసుకుంది. “ముందు దీనికి నూనె వేసి చావండి!”

ఇంటావిడ అంత గొంతు పెట్టడం ఎవరూ ఎన్నడూ వినలేదు. అది మేస్త్రికి కూడా బాగానే వినబడింది.

స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. నూనె డబ్బా ముక్కు ఎడమ గాడిలో పెట్టి నొక్కాడు. ఆవిడ షట్టరు కొంచెం దించి, కొంచెం ఎత్తింది.

“మోగుతోందా?” అనడిగాడు చిరాగ్గా.

“మోగుతోంది.”

కుడివైపు వేశాడు. “ఇప్పుడో?”

“ఇంకా.”

“ఎక్కడే? సరిగ్గా చెప్పు!”

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, పైన ఇరుసు దగ్గర ఒకచోట ఆనించి, షట్టరు కదిపింది. వేళ్ల కింద సన్నగా, జిలజిలమంటూ ఏదో పాకింది. మేస్త్రి వేళ్లు తియ్యకుండా అక్కడే నూనె వేశాడు. జిలజిల తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

“పోయిందా?”

“పోయింది” అందావిడ.

ఈసారి ఆయన సెలూన్ వైపు చూడలేదు.